ఒక్క తాళపుచెవి

మా అమ్మగారి నడుమున ఎప్పుడూ ఒక తాళపుచెవుల గుత్తి వ్రేలాడుతూ వుండేది. బియ్యపు గదికి ఒకటి, బీరువాకు ఒకటి, దేవుని పెట్టెకు ఒకటి, పెరటి తలుపుకు ఒకటి. ఆమె వస్తూ వుంటే ఆ గుత్తి చప్పుడు విని పిల్లలము సర్దుకొని కూర్చునేవాళ్లము. ఆ గుత్తి మాకు రాలేదు గాని, దానికి బదులుగా మా వుద్యోగము మాకొక నోటుపుస్తకము యిచ్చింది.

రాయవేలూరులో ఆఫీసు, గుడియాత్తములో గిడ్డంగి పెట్టుకొని లుంగీల బేరము చేసే ఒక వర్తకుల వద్ద మేము లెక్కలు చూస్తాము. ఈ రోజుల్లో లెక్కల పుస్తకమంటే కంప్యూటరే గదా. సరుకుకు ఒక పాస్‌వర్డు, హాజరుకు ఒకటి, జీతాలకు ఒకటి, ఈమెయిలుకు ఒకటి, జీఎస్టీకి ఒకటి, ఈ-వే బిల్లుకు ఒకటి, బ్యాంకుకు ఒకటి. ఈ ఏడింటినీ నోటుపుస్తకము కడపటి పుటలో వ్రాసుకొన్నాము. పుస్తకము పోతుందేమోనని భయము వేసి, అవే ఏడింటిని గోడమీది క్యాలెండరు వెనుక కూడా వ్రాసి పెట్టుకొన్నాము. ఇంత భద్రత వేలూరు కోటకైనా వున్నదా అని మాకు మేమే మురిసిపోయేవాళ్లము.

పాస్‌వర్డుల పుట్టుకే అట్లాంటిది లెండి. 1960ల మొదట్లో అమెరికాలోని ఎంఐటీ విద్యాలయములో ఒక పెద్ద కంప్యూటరును చాలామంది పంచుకొని వాడుకొనేవారు. ఎవరి కాగితాలు వారివిగా వుండాలని ఫెర్నాండో కోర్బాటో అనే ఆయన బృందము దానికి పాస్‌వర్డులు పెట్టింది. 1966లో ఒకనాడు అందులో ఏదో పొరపాటు జరిగి, లోపలికి వచ్చేవారికి చూపించవలసిన ఆనాటి ప్రకటనకు బదులు అందరి పాస్‌వర్డుల పట్టీ బయటికి వచ్చిందట! ఈ సంగతి విన్న తరువాత మా క్యాలెండరును గురించి సిగ్గుపడడము మానుకొన్నాము.

కొంతకాలము క్రిందట మా యజమానులు ఈ బాధ చూడలేక, ఏడింటిలో మా సొంతమైన నాలుగింటినీ ఒక్క తాళము క్రిందికి తెచ్చారు. దీనిని సింగిల్ సైన్ ఆన్ అంటారు. ప్రొద్దున ఒక్కసారి పేరు, పాస్‌వర్డు యిచ్చి, ఫోనులో వచ్చే అంకె కొట్టితే చాలు, సరుకు, హాజరు, జీతాలు, ఈమెయిలు నాలుగు తలుపులూ తెరుచుకొంటవి. జీఎస్టీ, ఈ-వే బిల్లు, బ్యాంకు పరాయివారివి గనుక వాటి తాళాలు వాటికే వున్నవి. సర్కారువారు కూడా ఇట్లాంటిదే ఒకటి తెచ్చారు. 2022 జూలై 4న గాంధీనగరులో ప్రధానమంత్రి ప్రారంభించిన ‘మేరీ పెహచాన్’ అదే. మేము ఆనాడు క్యాలెండరు చింపి, ఆఫీసులో అందరికీ మిఠాయి పంచాము. తొందరపడ్డామని తరువాత తెలిసింది.

ఈ తాళము ఎట్లా పనిచేస్తుందో మా చెల్లెలి కొడుకు చెప్పేదాకా మాకు అర్థము కాలేదు. అతడు బెంగుళూరులో ఈ పనే చేస్తాడు. మాకు తెలిసినదానితో చెప్పమంటే వేలూరు కోటనే ఎత్తుకొన్నాడు.

“మామా, కోటలోపల జలకంఠేశ్వరస్వామి గుడి వుంది, మసీదు వుంది, చర్చి వుంది, మ్యూజియము వుంది. అన్నింటికీ ముందు దాటవలసిన కోట వాకిలి ఒకటి వుంది. వాకిలి దగ్గర వున్న మనిషి నిన్ను చూసి, ఇతడు ఫలానా అని ఒక చీటీ వ్రాసి, ముద్ర వేసి యిస్తాడనుకో. లోపల ఎక్కడికి పోయినా ఆ చీటీ చూపిస్తే చాలు. లోపలివాడు నిన్ను మళ్లీ పరీక్ష చేయడు. చీటీలో ముద్ర సరిగా వుందా, గడువు దాటిందా, అందులోని పేరు తన పట్టీలో వుందా, అంతవరకే చూస్తాడు.”

ఈ చీటీ వ్రాసే పద్ధతులలో శామల్ అనేది ఒకటి, మా ఆఫీసువారిది అదే. దాని రెండవ కూర్పు 2005 మార్చిలో వచ్చింది. ఇరవై యేళ్లు దాటినా వ్యాపార సంస్థలలో ఇంకా అదే విరివిగా నడుస్తున్నది. తలుపు తెరుచుకోకపోతే పాస్‌వర్డు మరిచిపోయారనుకోవడము మనకు అలవాటు. పాస్‌వర్డుతో పని వాకిలివరకే. వాకిలి దాటిన తరువాత వచ్చే తంటాలన్నీ చీటీవి. ఈ ఒక్క సంగతి ముందే బుర్రకెక్కి వుంటే మేము ఒక పాపము చేయకుండా వుండేవాళ్లము. అది తరువాత చెబుతాము.

మొదట వచ్చిన తంటా గడియారానిది. గుడియాత్తము గిడ్డంగిలో ఒకనాడు కరెంటు పోయి వచ్చింది. వచ్చిన తరువాత అక్కడి కంప్యూటరులో ఏ తలుపూ తెరుచుకోదు. ‘ఈ చోటు సురక్షితము కాదు’ అని ఎర్రటి హెచ్చరిక. అక్కడివారు దొంగలు పడ్డారని హడలిపోయారు. మా మేనల్లుడు ఫోనులో అడిగిన మొదటి ప్రశ్న: “తెర మూలన తేదీ ఎంత వుంది?” చూస్తే ఎన్నో యేళ్ల వెనుకటి తేదీ! కంప్యూటరు లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి వుంటుందట. కరెంటు లేనప్పుడు కాలము లెక్కపెట్టేది అదే. అది చచ్చిపోయింది. ఇవాళ్టి ముద్రను పాత తేదీలో కూర్చుని చూస్తే, ఇంకా పుట్టని ముద్ర కదా, అది చెల్లదన్నది బ్రౌజరు. వాచీలు బాగుచేసే కొట్టులో బ్యాటరీ కొని వేయించి, తేదీ దిద్దగానే అంతా సర్దుకొన్నది.

అదే గిడ్డంగిలో మేస్త్రీ ఒకాయన వున్నాడు. గుడియాత్తము రైలుస్టేషను వూరికి దూరము. బండి తప్పిపోకుండా ఆయన తన ఫోను గడియారాన్ని ఏడు నిమిషాలు ముందుకు పెట్టుకొని తిరుగుతాడు. పూర్వము చేతిగడియారాలకు మనమూ చేసినదే. అయితే లాగిన్ కోసము ఫోనులో పుట్టే ఆ ఆరంకెల సంఖ్య 30 సెకండ్లకు ఒకసారి మారుతుంది. అది ఎక్కడినుంచో రాదు, ఫోను తన గడియారాన్ని చూసి తానే లెక్క గట్టుతుంది. ఏడు నిమిషాలు ముందున్న ఫోను ఏడు నిమిషాల తరువాత చెల్లవలసిన అంకె చూపించేది. ఎప్పుడు కొట్టినా తప్పే. ఆయన మూడు దినాలు అట్లా కొట్టి కొట్టి, యంత్రానికి తనంటే గిట్టదని తీర్మానించుకొన్నాడు. ఎంఐటీవారే పూర్వము ఇట్లాంటి చీటీల పద్ధతి ఒకటి కనిపెట్టి, దానికి గ్రీకు కథలలో పాతాళపు వాకిలి కాచే మూడు తలల కుక్క పేరు, కెర్బెరాస్ అని పెట్టారు. దానిలోనూ మామూలు ఏర్పాటులో రెండు యంత్రాల గడియారాలకు 5 నిమిషాలకు మించి తేడా వుండరాదట. మన యమధర్మరాజుగారి కుక్కలు రెండు. వాటికి గడియారము పట్టింపు వున్నట్లు మేము వినలేదు.

రెండవ తంటా ముద్రది. ఒక సోమవారము ప్రొద్దున వేలూరులో, గుడియాత్తములో ఒక్కరికి కూడా జీతాల తలుపు తెరుచుకోలేదు. చీటీమీద వేసే ముద్రకు గడువు వుంటుంది. గడువు తీరక ముందే కొత్త ముద్ర చేయించి, దాని నమూనా లోపలివారికి యివ్వాలి. ఆ తేదీ ఎవరూ వ్రాసిపెట్టుకోలేదు. అందులో మేమూ వున్నాము. ఇట్లాంటిది మహా సంస్థలకే తప్పలేదు. 2020 ఫిబ్రవరి 3న మైక్రోసాఫ్టువారి టీమ్స్ కొన్ని గంటలసేపు నిలిచిపోయింది. కారణము, గడువు తీరిన సర్టిఫికెట్టు ఒకటి. మన హైదరాబాదు సత్య నాదెళ్లగారు ఏలుతున్న సంస్థకే ఆ గతి పట్టితే మా లుంగీల కొట్టు యే పాటిది? ఇప్పుడు ఆ తేదీని, దానికి నెల ముందు తేదీని మళ్లీ గోడమీది క్యాలెండరులోనే ఎర్రసిరాతో గుర్తు పెట్టాము. క్యాలెండరు పనికిరానిదేమీ కాదు.

ఇక మా పాపము సంగతి.

గిడ్డంగిలో ఒక అమ్మాయి నాలుగేళ్లుగా పనిచేస్తున్నది. మన తెలుగువారి పిల్లే. సరుకు కట్టే కూలీలకు వారము వారము జీతాల పట్టీ తయారుచేయడము ఆమె పని. శనివారము మధ్యాహ్నానికి పట్టీ రావాలి, సాయంత్రానికి డబ్బు చేతికి అందాలి. ఆడి వెళ్లి ఆవణి రాగానే ఆమెకు పెళ్లి అయింది. రెండు వారాలు సెలవు తీసుకొని తిరిగి పనిలోకి వచ్చింది. వచ్చిన మొదటినాడే ఫోను చేసి, “సార్, జీతాల పుస్తకము తెరుచుకోవడము లేదండీ” అన్నది.

మేము నవ్వి, “పెళ్లి సందడిలో పాస్‌వర్డు మరిచిపోయావు కాబోలు” అన్నాము. లేదన్నది. మార్చి యిచ్చాము. మరునాడు మళ్లీ అదే మాట. మళ్లీ మార్చాము. మూడవసారి మాకు కోపము వచ్చింది. ఫోను స్పీకరులో వున్నదని, అక్కడ కూలీలు, మేస్త్రీ అందరూ వింటున్నారని మాకు తెలుసు. తెలిసే, “నాలుగు అక్షరాలు గుర్తు పెట్టుకోలేనిదానివి లెక్కలేమి చూస్తావు?” అన్నాము. ఆమె ఏమీ మాట్లాడలేదు. ఆ మాట వ్రాస్తూ వుంటే ఇప్పుడు మా చెయ్యి వెనక్కు పోతున్నది. అయినా వ్రాయక తప్పదు.

ఆమె చెప్పినదానిలో ఒక ముక్క మేము చెవిని పెట్టలేదు. “ఈమెయిలు తెరుచుకొంటున్నది సార్, సరుకు పుస్తకమూ తెరుచుకొంటున్నది. హాజరు, జీతాలు రెండే రావడము లేదు” అని ఆమె మొదటినాడే చెప్పింది. పాస్‌వర్డు మరిచిపోయినవారికి వాకిలే తెరుచుకోదు గదా! లోపల రెండు తలుపులు తెరుచుకొని రెండు తెరుచుకోలేదంటే వాకిలి ఆమెను గుర్తు పట్టినట్లే. చిన్నపిల్లవాడికైనా తోచవలసిన సంగతి. మాకు తోచలేదు.

హాజరు పుస్తకము తెరుచుకోలేదు గనుక ఆమె ప్రతిదినమూ వచ్చి కూర్చున్నా, లెక్కలో రానట్లే. తొమ్మిది దినాల జీతము తెగిపోయింది. కూలీల పట్టీ వేలూరునుంచి మేమే ఫోనులో అడిగి అడిగి తయారుచేశాము. అది శనివారానికి కాలేదు, మంగళవారానికి అయింది. అందులో ఇద్దరి అదనపు గంటలు పోయినవి. శనివారపు డబ్బుతో సోమవారపు పాలవాడికి యిచ్చుకొనే ఇళ్లవి. ఇదంతా ఆమె అజాగ్రత్తవలననే అని ఆమె వుద్యోగపు దస్త్రములో మేము ఒక వాక్యము వ్రాశాము. ఏడవనాడు విసిగిపోయి, కొత్త పేరుతో కొత్త ఖాతా ఒకటి తెరిపించాము. తలుపు తెరుచుకొన్నది. తెరుచుకొని, ఆమె ఆనాడే వుద్యోగములో చేరినట్లు చూపించింది! నాలుగేళ్ల సర్వీసు లేదు, మిగిలిన సెలవు లేదు, భవిష్యనిధి లెక్క లేదు. ఆ కొత్త ఖాతాకు కూలీల పట్టీ ముట్టుకొనే అధికారమూ లేదు.

వినాయకచవితికి మా మేనల్లుడు వచ్చాడు. భోజనాల దగ్గర మేము ఈ కథ ఆ అమ్మాయిమీద ఫిర్యాదుగానే చెప్పాము. అతడు మజ్జిగన్నము దగ్గర చెయ్యి ఆపి, “అందరికీనా, ఒక్కరికేనా?” అన్నాడు. ఒక్కరికే. “అన్ని తలుపులా?” రెండు. “ఎప్పటినుంచి?” పెళ్లి సెలవునుంచి వచ్చిన నాటినుంచి. “ఆ సెలవులో ఆమె విషయములో ఆఫీసువారు ఏమి మార్చారు?”

మేము ఏమీ మార్చలేదనబోయి ఆగిపోయాము. మార్చాము! పెళ్లి కార్డు చూసి, వేలూరు ఆఫీసులో మేమే ముచ్చటపడి, ఆమె రాకముందే ఆమె పేరుకు ముందున్న తండ్రిగారి ఇనీషియలు తీసి భర్తది పెట్టించాము. ఇక్కడి ఆచారము అదే గదా. ఇనీషియలుతోపాటు ఆమె ఈమెయిలు కూడా మారింది.

అతడు మరునాడు గుడియాత్తము వచ్చి, ఆ అమ్మాయి చేతనే లాగిన్ చేయించి, బ్రౌజరులో ఎఫ్12 నొక్కి, వాకిలినుంచి జీతాల పుస్తకానికి పోయే చీటీని పట్టుకొన్నాడు. చూడడానికి అర్థము లేని అక్షరాల వరుస. దానిని విప్పితే చదవదగినదిగా వచ్చింది. ముద్ర సరిగా వున్నది. గడువు సరిగా వున్నది. పేరు వుండవలసిన చోట కొత్త ఇనీషియలుతో కొత్త ఈమెయిలు వున్నది. జీతాల పుస్తకములోని పట్టీలో పాత ఇనీషియలుతో పాత ఈమెయిలు వున్నది. వాకిలి ఒక అమ్మాయిని లోపలికి పంపుతున్నది. లోపలివాడు ఆ పేరుగలవారు ఎవరూ లేరంటున్నాడు. సరుకు పుస్తకము, ఈమెయిలు కొత్త పేరును వాకిలినుంచి తామే తీసుకొంటవి. హాజరు, జీతాలు పాతకాలపువి. వాటి పట్టీని చేతితో దిద్దాలి. దిద్దినవారు లేరు.

చదువరులకు ఇది వింత కాకపోవచ్చు. ఈ దేశములో మూడు తరాలుగా వున్న మనకు పేరు ఎప్పుడూ ఒక చిక్కే. మేము బడిలో చేరిననాడు అయ్యవారు ఇనీషియలు ఏమిటని అడిగితే మా నాన్నగారు ఇంటిపేరు పూర్తిగా చెప్పారు. అయ్యవారు తల వూపి, నాన్నగారి పేరులోని మొదటి అక్షరము వ్రాసుకొన్నారు. ఆనాటితో మా ఇంటిపేరు పెళ్లి పత్రికలకు, పెద్దవాళ్ల నోళ్లకు మిగిలింది. ఆడపిల్లలకైతే రెండింతలు. పుట్టింటి ఇంటిపేరు, అత్తింటి ఇంటిపేరు, తండ్రి ఇనీషియలు, భర్త ఇనీషియలు. వూళ్ల మాట మాత్రము ఏమిటి? మా నాయనమ్మకు రాయవేలూరు, బస్సు బోర్డుమీద వేలూర్, ఇంగ్లీషులో వెల్లూర్. గుడియాత్తాన్ని ఇంగ్లీషులో ఒకరు ఒక విధముగా వ్రాస్తే ఇంకొకరు ఇంకొక విధముగా వ్రాస్తారు. ఆధారుకు, భవిష్యనిధికి పేరులో ఒక్క అక్షరము తేడా వచ్చి సొమ్ము ఆగిపోయినవారు ఈ పత్రిక చదివే ఇళ్లలో వుండకపోరు.

అందుకే భవిష్యనిధివారు 2014లో మనిషికొక పన్నెండంకెల సంఖ్య యిచ్చారు. కొలువు మారినా అది మారదు. ఈ తాళాల పెద్దలకు కూడా ఇది తెలియనిది కాదు. శామల్ తరువాత 2014లోనే వచ్చిన ఓపెన్ఐడీ కనెక్ట్ అనే పద్ధతి నియమాలలో, ఈమెయిలును, ఫోను నంబరును మనిషికి గుర్తుగా పట్టుకోరాదు, అవి మారగలవు, చేతులూ మారగలవు, మారని సంఖ్య ఒకటి వుండాలి అని వున్నదట. మా తాళము బిగించినవారు ఈమెయిలునే గుర్తుగా పెట్టారు. అడిగి చూసుకోవలసినవాళ్లము మేము.

మా మేనల్లుడు ముందు మేము తెరిపించిన కొత్త ఖాతాను మూసివేయించాడు. “మామా, తలుపు రాలేదని కొత్త ఖాతా తెరవడము అన్నింటికన్నా చెడ్డ వైద్యము. ఒక మనిషి ఇద్దరైపోతారు, ఇద్దరిలో ఎవరూ పూర్తిగా వుండరు” అన్నాడు. తరువాత పాత ఖాతాను ఆమె వుద్యోగి సంఖ్యకు ముడి వేయించాడు. అట్లాగే గిడ్డంగిలో అందరికీ చేయించాడు. పని మొత్తము ఒక పూట పట్టింది. అందులోనే ఇంకొక సంగతి బయటపడింది. ప్రొద్దున పనిచేసినవారు పుస్తకము మూసి పోతున్నారు గాని వాకిలి చీటీ బ్రౌజరులోనే వుండిపోతున్నది. మధ్యాహ్నము అదే కంప్యూటరు ముందు కూర్చున్నవారు ప్రొద్దుటివారి పేరుమీద లోపలికి పోతున్నారు. దానికీ ఒక ఏర్పాటు చేశాడు.

తెగిన తొమ్మిది దినాల జీతము వెనక్కు యిప్పించాము. ఆ ఇద్దరు కూలీల అదనపు గంటలూ అదే వారము వేశాము. దస్త్రములో వ్రాసిన వాక్యము మాత్రము మిగిలింది. దానిని తీసివేద్దామంటే ఆ పుస్తకములో వ్రాసినది చెరపడానికి వీలు లేదట. క్రింద ఇంకొకటి వ్రాయవచ్చునంతే.

పళ్లికొండమీదుగా పోయే బస్సు ఎక్కి మేము గుడియాత్తము వెళ్లాము. ఫోనులో చెప్పదగిన మాట కాదు గదా. స్పీకరులో అన్నది ఎవరెవరు విన్నారో వారందరూ వున్నప్పుడే, “తప్పు నీది కాదమ్మా, మాది. ఇనీషియలు మార్పించినది మేము, పట్టీ దిద్దించనిది మేము” అన్నాము. మేస్త్రీ తన ఏడు నిమిషాల ఫోను వంక చూసుకొన్నాడు. ఆ అమ్మాయి, “పరవాలేదు సార్” అన్నది. కాసేపు ఆగి, “ఇనీషియలు మార్చేముందు నన్ను ఒక మాట అడిగివుంటే బాగుండేది సార్. మా నాన్నగారు పోయి రెండేళ్లయింది. ఆఫీసులోనైనా ఆ అక్షరము వుంచుకొందామనుకొన్నాను” అన్నది.

దానికి మేము సిద్ధముగా లేము. ఏమి కావాలమ్మా అని అడిగాము. పాతదే కావాలన్నది. ఆమె ముందే వేలూరుకు ఫోను చేసి పాత ఇనీషియలు పెట్టించాము. ఈమెయిలు మళ్లీ మారింది. ఆమె లాగిన్ చేసింది. నాలుగు తలుపులూ తెరుచుకొన్నవి. ఆమె పక్కన ముక్కాలిపీటమీద కూర్చుని మేము దస్త్రము తెరిచి, పాత వాక్యము క్రింద కొత్త వాక్యము వ్రాసి, చదువుకొమ్మని తెర ఆమెవైపు తిప్పాము. చదివి, తల వూపి, చిత్తూరు లారీకి కట్లు లెక్కపెట్టాలి సార్ అని లేచి వెళ్లింది.